ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో దారి జ్ఞాపకం: ఏపీఓఈ ఇ4 జన్యురూపం గురించి ఎంతవరకు తెలిసింది?

సువర్ణముఖి (న్యూజెర్సీ)

సభ్యులందరికీ నమస్కారం. ఇంటికే కిట్ పంపి, లాలాజలంతో చేసే జన్యుపరీక్షల్లో అల్జీమర్స్ ముప్పును కూడా తెలియజేయడానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో అనుమతి ఇచ్చింది. అటువంటి పరీక్ష ఒకటి నేను ఈమధ్య చేయించుకున్నాను. ఏపీఓఈ జన్యువులో నాకు ఇ3 ఒకటి, ఇ4 ఒకటి ఉన్నాయని నివేదిక వచ్చింది. నాకు 52 ఏళ్లు, చెప్పుకోదగ్గ అనారోగ్యం ఏదీ లేదు. తిరుపతిలో ఉన్న మా అమ్మకు 76 ఏళ్లు. ఆమె కూడా తన పనులన్నీ తానే చూసుకుంటున్నారు.

నివేదిక వచ్చినప్పటి నుంచి ఈ విషయం మీద దొరికినవన్నీ చదువుతున్నాను. ఇ4 ఉన్నవారు మతిమరుపు లక్షణాలేవీ మొదలుకాక ముందే దారులు, స్థలాలు గుర్తుపెట్టుకోవడంలో వెనుకబడతారని చాలాచోట్ల రాస్తున్నారు. ఇందులో నిలబడే మాట ఎంత, పెంచి చెప్పింది ఎంత అన్నది నాకు తేలడం లేదు. ఇ4 ఉండి, జబ్బు లేనివారిలో స్థల జ్ఞాపకం నిజంగా తగ్గుతుందా? తగ్గితే అది వయసు వల్లనా, జన్యువు వల్లనా, లేక బయటపడని జబ్బు వల్లనా? అసలు పరిశోధనలు చదివినవారు చెబితే మేలు చేసినవారవుతారు.

మూసీతీరం (హైదరాబాద్)

సువర్ణముఖి గారూ, జ్ఞాపకశక్తి క్లినిక్‌లో పనిచేస్తున్న అనుభవంతో మొదట పునాది విషయాలు చెబుతాను.

ఏపీఓఈ జన్యువు 19వ క్రోమోజోము మీద ఉంటుంది. అది తయారు చేయించే ప్రోటీను కొవ్వు పదార్థాలను, ముఖ్యంగా కొలెస్టరాల్‌ను, ఒక కణం నుంచి మరొక కణానికి చేరవేస్తుంది. ఆ ప్రోటీనులో 112, 158 స్థానాల్లో ఏ అమైనో ఆమ్లం ఉందన్న దానిని బట్టి ఇ2, ఇ3, ఇ4 అనే మూడు రూపాలు ఏర్పడతాయి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి కనుక ప్రతి మనిషికీ రెండు ఉంటాయి. ఇ4 ప్రతులు పెరిగిన కొద్దీ అల్జీమర్స్ ముప్పు పెరుగుతుందనీ, జబ్బు మొదలయ్యే వయసు తగ్గుతుందనీ 1993లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. యూరప్ మూలాలు ఉన్న జనాభాలో, రెండూ ఇ3 ఉన్నవారితో పోలిస్తే ఒక ఇ4 ఉన్నవారికి ముప్పు సుమారు 3 రెట్లు, రెండు ఉన్నవారికి 10 రెట్లకు పైగా ఉంటుందని 1997లో వచ్చిన పెద్ద సమీక్ష తేల్చింది. అదే సమీక్షలో ఆఫ్రికన్ అమెరికన్లలో ఈ సంబంధం బలహీనంగా కనిపించింది. అంటే ఈ రెట్లు అన్ని జనాభాలకూ ఒకేలా వర్తించవు.

ఇది ముప్పును పెంచే జన్యువే కాని, జబ్బును ఖాయం చేసే జన్యువు కాదు. నలభైల్లోనే జబ్బు తెచ్చే, ప్రిసెనిలిన్ అనే జన్యువుల్లోని లోపాలు వేరే తరగతికి చెందినవి. ఒక ఇ4 ఉన్నవారిలో చాలామంది జీవితాంతం డిమెన్షియా (మతి క్షీణించే జబ్బు) లేకుండానే గడుపుతారు. ఇ4 లేనివారికి కూడా అల్జీమర్స్ వస్తుంది.

ఇక ప్రత్యేకంగా దారుల జ్ఞాపకమే ఎందుకు చర్చకు వస్తున్నదంటే, అల్జీమర్స్‌లో టౌ అనే ప్రోటీను చిక్కుముడులు మెదడు పైపొరలో మొట్టమొదట కనిపించే చోటు ఎంటోరైనల్ కార్టెక్స్. కణతల లోపలి భాగంలో, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్‌ అనే భాగానికి ఆనుకుని ఉండే ఈ ప్రాంతంలోనే, మనం ఉన్న స్థలాన్ని షట్కోణాల వలగా కొలిచే గ్రిడ్ కణాలను మోజర్ దంపతుల బృందం నార్వేలో కనుగొని 2005లో ప్రకటించింది. హిప్పోకాంపస్‌లో ఒక్కో చోటికి ఒక్కో కణం స్పందించే తీరును జాన్ ఓకీఫ్ 1971లోనే చూపించారు. ఈ ముగ్గురికీ 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. జబ్బు మొదలయ్యే చోటు, దారి తెలుసుకునే యంత్రాంగం ఉన్న చోటు ఒకటే కావడం వల్ల, మాటలు మరచిపోవడం కన్నా ముందే దారి తప్పడం కనిపించవచ్చుననే ఆలోచన పుట్టింది.

గణాంకం (బెంగళూరు)

మూసీతీరం గారు చెప్పిన ఆలోచనను మనుషుల మీద పరీక్షించిన రెండు పరిశోధనలను వివరిస్తాను. మీరు చదివిన వ్యాసాల్లో ఎక్కువ భాగం ఈ రెండింటి నుంచే పుట్టి ఉంటాయని అనుకుంటున్నాను.

మొదటిది 2015లో జర్మనీ పరిశోధకులు ప్రచురించినది. 18 నుంచి 30 ఏళ్ల మధ్య వయసున్న ఆరోగ్యవంతులను, ఇ4 ఉన్నవారినీ లేనివారినీ, ఎంఆర్ఐ యంత్రంలో పడుకోబెట్టి, కంప్యూటర్‌లో నిర్మించిన ఒక మైదానంలో వస్తువులు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తుపెట్టుకుని తిరిగి అక్కడ పెట్టమన్నారు. ఇ4 ఉన్న యువతలో ఎంటోరైనల్ కార్టెక్స్‌లోని గ్రిడ్ తరహా సంకేతం బలహీనంగా ఉంది. వారు మైదానం మధ్యలో తక్కువగా, అంచుల వెంట ఎక్కువగా తిరిగారు. అయితే వస్తువుల స్థానాలను గుర్తుపెట్టుకోవడంలో వారు ఇతరులకు తీసిపోలేదు. వారి హిప్పోకాంపస్ ఎక్కువ శ్రమపడి ఆ లోటును పూడ్చుకుంటున్నట్టు కనిపించింది. ఈ చివరి వాక్యాన్ని చాలా వార్తాకథనాలు వదిలేశాయి, అది న్యాయం కాదు.

రెండోది 2019 నాటిది. సీ హీరో క్వెస్ట్ అనే మొబైల్ ఆటను 2016లో విడుదల చేశారు. సముద్రం పటాన్ని కాసేపు చూపించి తీసేస్తారు. ఆ తర్వాత గుర్తున్నంతలో పడవను గమ్యాలకు నడిపించాలి. ప్రపంచమంతటా లక్షల మంది ఆడారు. పరిశోధకులు బ్రిటన్‌కు చెందిన 27 వేలకు పైగా ఆటగాళ్ల ఫలితాలతో వయసు, లింగాలను బట్టి ఒక ప్రమాణం తయారు చేసుకుని, జన్యురూపం తెలిసిన కొద్దిమంది ఆరోగ్యవంతులను దానితో పోల్చారు. ఇ4 ఉన్నవారు గమ్యానికి ఎక్కువ దూరం తిరిగి చేరారు, ఇక్కడ కూడా అంచుల వైపే మొగ్గారు. సాధారణ జ్ఞాపక పరీక్షల్లో మాత్రం రెండు బృందాల మధ్య తేడా కనిపించలేదు.

ఇప్పుడు పరిమితి. ప్రమాణానికి వాడిన సంఖ్య 27 వేలైనా, జన్యురూపం తెలిసినవారు కొన్ని పదుల మంది మాత్రమే. రెండు బృందాల సగటులు వేరైనా, వ్యక్తుల ఫలితాలు చాలావరకు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఒక మనిషి ఆటలో ఎంత దూరం తిరిగాడో చూసి అతని జన్యురూపం చెప్పలేం. జన్యురూపం చూసి అతను దారి తప్పుతాడని అంతకన్నా చెప్పలేం. బృందాల సగటును ఒక మనిషి జాతకంగా చదవడమే ఈ విషయంలో జరుగుతున్న అసలు పొరపాటు అని నా గట్టి అభిప్రాయం.

పాత_పంతులు (విజయనగరం)

అయ్యా, నేను భూగోళశాస్త్రం బోధించి విరమించినవాడిని. నాకు 71 ఏళ్లు. విజయనగరంలో కోట చుట్టూ ఏ సందు ఎటు పోతుందో నిద్రలో అడిగినా చెప్పగలను. విశాఖపట్నంలో మా అబ్బాయి ఉండే అపార్టుమెంటు సముదాయంలో మాత్రం, అన్ని బ్లాకులూ ఒకే రంగు, ఒకే ఎత్తు కావడం వల్ల, ఏ గేటు నుంచి వచ్చానో తేల్చుకోవడానికి సమయం పడుతోంది. నా వయసువారు చాలామంది ఇదే చెబుతున్నారు. ఇటువంటి దానిని జన్యువుకు ముడిపెట్టే ముందు, మామూలు వయసు వల్ల దారి జ్ఞాపకంలో ఏయే మార్పులు వస్తాయో నిపుణులు వివరించాలని కోరుతున్నాను.

మూసీతీరం (హైదరాబాద్)

పంతులు గారూ, మీరు వర్ణించినది వయసుతో వచ్చే మార్పుకు చక్కగా సరిపోతుంది. దారి కనుక్కోవడానికి మెదడు ప్రధానంగా రెండు పద్ధతులు వాడుతుంది. గుడికీ, చెరువుకీ, బస్టాండుకీ మధ్య ఉన్న సంబంధాన్ని మనసులో పటంగా కట్టుకుని, ఎక్కడి నుంచైనా ఎక్కడికైనా దారి లెక్కించుకోవడం ఒకటి. ఇది హిప్పోకాంపస్ మీద ఆధారపడుతుంది. కిరాణా కొట్టు దగ్గర ఎడమకు, ఆ తర్వాత రెండో సందులో కుడికి అన్నట్టుగా మలుపుల వరుసను అలవాటు చేసుకోవడం రెండోది. ఇందులో కాడేట్ కేంద్రకం అనే వేరే భాగం పాత్ర ఎక్కువ. వయసు పెరిగే కొద్దీ జనం మొదటి పద్ధతి నుంచి రెండో పద్ధతికి జరుగుతారు. హిప్పోకాంపస్ పరిమాణం కూడా పెద్ద వయసులో ఏడాదికి 1 నుంచి 2 శాతం వరకు తగ్గుతుంది. కంప్యూటర్ తెర మీద కల్పించిన కొత్త స్థలాల్లో పెద్దవారు యువకుల కన్నా ఎక్కువ దూరం తిరుగుతారని, ఎక్కువ తప్పులు చేస్తారని 2001 నుంచి అనేక ప్రయోగాల్లో తేలింది. ఇందుకు ఇ4 ఉండనక్కరలేదు.

దశాబ్దాలుగా నడిచిన విజయనగరం వీథులు చెక్కుచెదరకుండా ఉండటం, గుర్తులు లేని కొత్త చోటు కష్టంగా ఉండటం, రెండూ మామూలు వయసులో కలిసే కనిపిస్తాయి. క్లినిక్‌లో మేము ఆందోళనపడేది దీనికి తలకిందులైన సందర్భంలో: ఎన్నో ఏళ్లుగా నడుస్తున్న దారిలో, పట్టపగలు, ఎటు వెళ్లాలో తోచక నిలబడిపోవడం, అది మళ్లీ మళ్లీ జరగడం.

జొన్నచేను (మహబూబ్‌నగర్)

ఇక్కడ నాకొక గట్టి అభ్యంతరం ఉంది, దానిని వివరంగానే రాస్తాను, ఎందుకంటే సువర్ణముఖి గారి రెండో ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉందని నమ్ముతున్నాను.

ఈ పరిశోధనల్లో ఆరోగ్యవంతులు అన్న మాటకు అర్థం, జ్ఞాపక పరీక్షల్లో మామూలు మార్కులు వచ్చినవారు అని మాత్రమే. అల్జీమర్స్‌కు గుర్తు అయిన అమిలాయిడ్ అనే ప్రోటీను, లక్షణాలు బయటపడటానికి 10, 20 ఏళ్ల ముందు నుంచే మెదడులో పేరుకుంటుంది. జ్ఞాపకశక్తి మామూలుగా ఉన్నవారిలోనే 50 ఏళ్ల వయసులో సుమారు 10 శాతం మందికి, 90 ఏళ్ల వయసులో సుమారు 44 శాతం మందికి అమిలాయిడ్ ఉంటుందని 2015లో అనేక దేశాల సమాచారాన్ని కలిపి చేసిన విశ్లేషణ చెప్పింది. అదే విశ్లేషణ ప్రకారం, ఇటువంటివారిలో అమిలాయిడ్ ఉన్నవారి వాటా 15 శాతానికి చేరే వయసు రెండూ ఇ3 అయినవారికి సుమారు 65, ఒక ఇ3, ఒక ఇ4 ఉన్నవారికి సుమారు 55, రెండూ ఇ4 అయినవారికి సుమారు 40. రెండు ఇ4 ఉన్నవారిలో 65 ఏళ్లు వచ్చేసరికి దాదాపు అందరి వెన్నుద్రవంలోనూ అమిలాయిడ్ స్థాయి అసాధారణంగా ఉంటుందని 2024లో వచ్చిన మరో పెద్ద విశ్లేషణ తెలిపింది.

ఈ అంకెలు చూశాక, 65 ఏళ్ల ఇ4 బృందాన్ని, 65 ఏళ్ల ఇ3 బృందాన్ని పక్కపక్కన పెట్టి, దారి జ్ఞాపకంలో తేడా కనబడితే దానిని ఆరోగ్యకరమైన వృద్ధాప్యం మీద జన్యువు ప్రభావం అని పిలవడం ఎలా సాధ్యం? మొదటి బృందంలో బయటపడని జబ్బు ఉన్నవారు ఎక్కువమంది చేరి ఉంటారు. వారిని తీసివేస్తే తేడా మిగులుతుందా లేదా అన్నదే అసలు ప్రశ్న. అమిలాయిడ్ కొలవకుండా వచ్చిన పాత పరిశోధనలు ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేవు.

గణాంకం (బెంగళూరు)

జొన్నచేను గారి అభ్యంతరం సరైనదే, దానికి బలం కూడా ఉంది. అమెరికాలో 2016లో ఒక చిన్న పరిశోధన, వెన్నుద్రవంలో అమిలాయిడ్ మార్పు ఉన్నా లక్షణాలు లేనివారిని విడిగా చూసింది. మలుపుల వరుసను నేర్చుకోవడంలో వారు మిగతావారితో సమానంగానే ఉన్నారు, మనసులో పటం కట్టుకోవడంలో మాత్రం వెనుకబడ్డారు. మూసీతీరం గారు చెప్పిన రెండు పద్ధతుల్లో మొదటిదే ముందు దెబ్బతింటున్నదన్నమాట.

అయితే ఒక చిక్కు మిగిలే ఉంది. 18 నుంచి 30 ఏళ్ల యువత మెదడులో అమిలాయిడ్ ఉండి ఉంటుందని అనుకోవడానికి ఆస్కారం చాలా తక్కువ. అయినా వారిలో గ్రిడ్ సంకేతం బలహీనంగా కనిపించింది. ఈ ఫలితం ఇతరుల చేతుల్లో కూడా నిలబడితే, ఇ4 జన్యువు జబ్బుతో సంబంధం లేకుండా, జీవితమంతా స్థల యంత్రాంగాన్ని కొంత వేరుగా తీర్చిదిద్దుతుందని ఒప్పుకోవాలి. అప్పుడు ఒకే మనిషిలో రెండు ప్రభావాలు ఉంటాయి: పుట్టుకతో వచ్చిన చిన్న తేడా, దాని మీద యాభై దాటాక కొందరిలో మాత్రమే పేరుకునే జబ్బు తేడా. ఒక్కసారి పరీక్ష పెట్టి ఈ రెంటినీ విడదీయలేం. అదే మనుషులను ఏళ్ల తరబడి అనుసరించి, అమిలాయిడ్, టౌ కొలతలతో పాటు దారి పరీక్షను మళ్లీ మళ్లీ పెట్టాలి. పుట్టుకతో వచ్చిన తేడా ఏళ్లు గడిచినా స్థిరంగా ఉంటుంది. జబ్బు తెచ్చే తేడా పెరుగుతూ పోతుంది.

మిగతా జన్యువుల సంగతి క్లుప్తంగా చెబుతాను. మెదడు కణాల ఎదుగుదలకు తోడ్పడే బీడీఎన్ఎఫ్ జన్యువులో మెట్ రూపం, కిబ్రా జన్యువులోని టి రూపం జ్ఞాపకశక్తితో ముడిపడి ఉన్నాయని 2003, 2006లలో ఆశ కలిగించే పరిశోధనలు వచ్చాయి. తర్వాతి పరిశోధనల ఫలితాలు కొన్ని అనుకూలంగా, కొన్ని ప్రతికూలంగా ఉన్నాయి. ఒక్కో జన్యువును విడిగా తీసి చిన్న బృందాల్లో వెతికిన ఆ కాలం పరిశోధనలన్నింటికీ ఇదే ఇబ్బంది ఎదురైంది. ఆరోగ్యంగా ఉన్న ఒక పెద్ద మనిషి దారి జ్ఞాపకం గురించి వాటి ఆధారంగా ఏమీ చెప్పకపోవడమే మంచిది.

కొండపల్లి (విజయవాడ)

ఇంతవరకు వచ్చిన అంకెలన్నీ యూరప్, అమెరికాలవి. మన దేశంలో ఏం తెలిసిందో కొంత చేరుస్తాను.

హర్యానాలోని బల్లభ్‌గఢ్ గ్రామాల్లో భారత, అమెరికా పరిశోధకులు కలిసి చేసిన అధ్యయనంలో ఇ4 రూపం వాటా సుమారు 7 శాతంగా తేలింది. పోలిక కోసం తీసుకున్న పెన్సిల్వేనియా ప్రాంతంలో అది 11 శాతం. అయితే ఇ4కూ అల్జీమర్స్‌కూ ఉన్న సంబంధం బలం రెండుచోట్లా దాదాపు ఒకేలా ఉంది. అంటే అక్కడ ఇ4 ఉన్నవారు తక్కువే కాని, ఉన్నవారి మీద దాని ప్రభావం తక్కువ కాదు. దేశవ్యాప్తంగా 60 దాటినవారిలో డిమెన్షియా 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షల మంది అని 2023లో వెలువడిన అంచనా చెబుతోంది. బల్లభ్‌గఢ్ వంటి ఒక ప్రాంతపు అంకెను తెలుగువారికి నేరుగా అంటించలేమని కూడా గుర్తుంచుకోవాలి.

మనకు దగ్గరగా జరుగుతున్న పని ఒకటి ఉంది. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ ఆవరణలోని మెదడు పరిశోధన కేంద్రం, కోలారు జిల్లా శ్రీనివాసపురం ప్రాంతపు గ్రామాల్లో 45 ఏళ్లు దాటిన, డిమెన్షియా లేనివారిని ఏళ్ల తరబడి అనుసరించే అధ్యయనం నడుపుతోంది. 10 వేల మందిని చేర్చాలన్నది లక్ష్యం. ఆ ప్రాంతంలో తెలుగు మాట్లాడేవారు బాగా ఉన్నారు. గణాంకం గారు కోరిన, అదే మనుషులను మళ్లీ మళ్లీ కొలిచే పద్ధతి మన పల్లెల్లో సాధ్యమేనని దీనితో రుజువవుతోంది.

అలాగే హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగుల వివరాలతో 2013లో వచ్చిన పరిశోధనను ఇక్కడ తలచుకోవాలి. రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవారికి, ఒకే భాష మాట్లాడేవారి కన్నా జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువు రానివారిలోనూ ఈ తేడా కనిపించింది. అది దారి జ్ఞాపకం గురించిన పని కాకపోయినా, జన్యువు ఒక్కటే కాలాన్ని నిర్ణయించదని మన ఊరి రోగులతోనే చూపించింది.

జొన్నచేను (మహబూబ్‌నగర్)

కొండపల్లి గారు పల్లెల ప్రస్తావన తెచ్చారు కనుక పరీక్షల గురించి ఒక మాట అనాలి. మా ఊళ్లో 70 దాటిన ఆడవాళ్లు, బడికి వెళ్లనివారు, ఏ చేను గట్టు ఎవరిదో, వాగు పొంగితే ఏ దారిన చుట్టి రావాలో, మేకల మందను ఏ గుట్ట పక్క నుంచి మళ్లించాలో పొల్లుపోకుండా చెబుతారు. వారి చేతికి ఫోను ఇచ్చి తెర మీద పడవ నడపమంటే మొదటి మలుపు దగ్గరే ఆగిపోతారు. కాగితం మీద బొమ్మ గీయమన్నా అంతే. ఆ ఫలితాన్ని స్థల జ్ఞాపకం లోపంగా రాసుకుంటే అది వారికి చేసే అన్యాయం.

పట్నాల్లో ఇంకో సమస్య ఉంది. పెళ్లయిన నాటి నుంచి ఎవరో ఒకరి తోడు లేకుండా బయటికి వెళ్లని స్త్రీలు మన ఇళ్లలో ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. దారి కనుక్కునే పని వారికి ఎప్పుడూ అప్పగించలేదు. సీ హీరో క్వెస్ట్ సమాచారంతోనే 2018లో వచ్చిన విశ్లేషణలో, స్త్రీపురుష అసమానత ఎక్కువ ఉన్న దేశాల్లో ఈ ఆటలో ఆడవారికీ మగవారికీ మధ్య తేడా కూడా ఎక్కువగా ఉందని తేలింది. తిరిగే అవకాశం ఇవ్వకుండా, తిరగడం రాదని జన్యువు మీదికో పుట్టుక మీదికో నెట్టడం సరికాదు.

గణాంకం (బెంగళూరు)

పూర్తిగా ఏకీభవిస్తున్నాను. దీనికి తోడు 2022లో అదే ఆట ఆధారంగా, 38 దేశాలకు చెందిన సుమారు 4 లక్షల మంది సమాచారంతో వచ్చిన పరిశోధన, నగరాల బయట పెరిగినవారు సగటున దారి కనుక్కోవడంలో మెరుగ్గా ఉన్నారని తేల్చింది. షికాగో వంటి గళ్లగళ్ల వీథుల నగరాల్లో పెరిగినవారికి, వంకర వీథుల స్థలాలు మరింత కష్టమయ్యాయి. బాల్యంలో నడిచిన నేల ముదిమి వరకు గుర్తు వదులుతుందన్నమాట. ఇ4 ప్రభావం గురించి మాట్లాడే ఏ పరిశోధనైనా పెరిగిన చోటును, చదువును, తిరిగిన అలవాటును లెక్కలోకి తీసుకోకపోతే దాని ఫలితాన్ని నేను పక్కన పెడతాను. ఆటలు ఆడేది ఫోను ఉన్నవారు, ఆసక్తి ఉన్నవారు అన్న పరిమితి ఈ పరిశోధనకూ ఉంది.

సువర్ణముఖి (న్యూజెర్సీ)

అందరికీ కృతజ్ఞతలు. మా అమ్మ తిరుచానూరు పక్క పల్లెలో పెరిగారు; ఆమె దారి జ్ఞాపకానికి నేను ఏనాడూ సరితూగలేదు. ఇప్పుడు నన్ను వేధిస్తున్న విషయం ఇది: అమ్మకూ, మా ఇద్దరు తమ్ముళ్లకూ ఈ పరీక్ష చేయించాలా? చేయించకపోతే దాచినట్టవుతుందా?

మూసీతీరం (హైదరాబాద్)

సువర్ణముఖి గారూ, మీకు ఇ4 ఒకటి ఉందంటే అది అమ్మగారి నుంచే వచ్చిందని చెప్పలేం, నాన్నగారి నుంచి కూడా వచ్చి ఉండవచ్చు. తల్లిదండ్రుల్లో ఒకరికి మాత్రమే ఒక ప్రతి ఉంటే, మీ తమ్ముళ్లలో ఒక్కొక్కరికీ అది వచ్చే అవకాశం సగానికి సగం.

లక్షణాలు లేని పెద్దవారికి ఈ పరీక్షను మేము సాధారణంగా సూచించం. కారణం, దాని ఫలితాన్ని బట్టి ఈరోజు మార్చగలిగే చికిత్స వారికి లేదు. అమిలాయిడ్‌ను తొలగించే లెకనిమాబ్ వంటి మందు ఇవ్వాలనుకున్నప్పుడు ఇ4 పరీక్ష అవసరమవుతుంది, ఎందుకంటే రెండు ఇ4 ఉన్నవారిలో మెదడు వాపు, రక్తస్రావం వంటి దుష్ప్రభావాలు ఎక్కువ. అది జబ్బు మొదలైనవారి విషయం.

తెలుసుకోవడం వల్ల జరిగే మార్పు గురించి రెండు పరిశోధనలు ఉన్నాయి. అల్జీమర్స్ రోగుల పిల్లలకు తగిన సలహాతో పాటు ఫలితం చెప్పినప్పుడు, వారిలో తీవ్రమైన ఆందోళన గాని, కుంగుబాటు గాని పెరగలేదని 2009లో తేలింది. 2014లో వచ్చిన మరొకటి మాత్రం నన్ను ఆలోచింపజేసింది. తమకు ఇ4 ఉందని తెలిసిన పెద్దవారు, ఇ4 ఉండీ ఆ సంగతి తెలియనివారి కన్నా తమ జ్ఞాపకశక్తిని తక్కువగా అంచనా వేసుకున్నారు, మాటల జ్ఞాపక పరీక్షలో నిజంగానే తక్కువ మార్కులు తెచ్చుకున్నారు. జన్యువు ఒకటే, తెలియడమే తేడా. 76 ఏళ్ల వయసులో ధైర్యంగా తిరుగుతున్న అమ్మగారికి ఈ భారం అవసరమా అన్నది మీ కుటుంబం ఆలోచించవలసిన విషయం. డీఎన్ఏ నిర్మాణాన్ని కనుగొన్నవారిలో ఒకరైన జేమ్స్ వాట్సన్ కూడా 2007లో తన జన్యుసంపుటి మొత్తాన్ని బయటపెట్టినప్పుడు, ఏపీఓఈ ఫలితాన్ని మాత్రం తనకు చెప్పవద్దని కోరారు. తెలుసుకోకుండా ఉండే హక్కు అందరికీ ఉంటుంది. తమ్ముళ్లకు మీ ఫలితం సంగతి చెప్పి, పరీక్ష నిర్ణయాన్ని వారికే వదలవచ్చు.

కొండపల్లి (విజయవాడ)

ఒక చిన్న చేర్పు. మీరు అమెరికాలో ఉన్నారు కనుక, 2008 నాటి జన్యు వివక్ష నిరోధక చట్టం ఆరోగ్య బీమాకు, ఉద్యోగానికి రక్షణ ఇస్తుంది కాని, జీవిత బీమాకు, దీర్ఘకాలిక సంరక్షణ బీమాకు వర్తించదు. ఆ బీమాలు తీసుకునే ఆలోచన ఉంటే నిపుణులను అడగండి.

పాత_పంతులు (విజయనగరం)

ఇంత విన్నాక ఒకటి అడగకుండా ఉండలేను. జన్యువును మార్చలేం. దారి జ్ఞాపకాన్ని నిలుపుకోవడానికి చేయగలిగింది ఏదైనా రుజువైందా? రోజూ అయ్యకోనేరు గట్టు చుట్టూ నడుస్తాను, దాని వల్ల ఉపయోగం ఉందా?

గణాంకం (బెంగళూరు)

పంతులు గారూ, మీ నడకకు మంచి ఆధారమే ఉంది. 2011లో అమెరికాలో 120 మంది పెద్దవారిని రెండు బృందాలు చేసి, ఒక బృందంతో ఏడాదిపాటు వేగంగా నడిపించారు, రెండో బృందంతో ఒళ్లు సాగదీసే వ్యాయామాలు చేయించారు. నడిచినవారి హిప్పోకాంపస్ ముందు భాగం సుమారు 2 శాతం పెరిగింది, రెండో బృందంలో అది 1.4 శాతం మేర తగ్గింది. హిప్పోకాంపస్ పెరుగుదల స్థల జ్ఞాపకంలో మెరుగుదలతో ముడిపడి ఉంది. ఫిన్లాండ్‌లో 1260 మందితో చేసిన ప్రయోగంలో ఆహారం, వ్యాయామం, మెదడుకు పని, రక్తపోటు అదుపు కలిపి ఇచ్చినప్పుడు మొత్తం మీద ఆలోచనాశక్తి మెరుగ్గా నిలిచింది. ఇ4 ఉన్నవారికి కూడా ఆ ప్రయోజనం అందింది. సువర్ణముఖి గారు ముఖ్యంగా గమనించవలసింది ఈ చివరి అంశమే. మార్చగలిగిన 14 కారణాలను సరిచేస్తే ప్రపంచంలో డిమెన్షియాలో సుమారు 45 శాతాన్ని నివారించడం గాని, ఆలస్యం చేయడం గాని సిద్ధాంతపరంగా సాధ్యమని 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక ఏర్పాటు చేసిన కమిషన్ అంచనా వేసింది. వాటిలో వినికిడి లోపం, చూపు లోపం, మధ్యవయసులో అధిక రక్తపోటు, చెడు కొలెస్టరాల్, మధుమేహం ఉన్నాయి.

టాక్సీ, అంబులెన్స్ డ్రైవర్ల గురించి కూడా మీరు చదివి ఉంటారు. అమెరికాలో సుమారు 90 లక్షల మరణ ధ్రువపత్రాలను పరిశీలించగా, అల్జీమర్స్‌తో చనిపోయినవారి వాటా ఈ రెండు వృత్తుల్లోనే అతి తక్కువగా ఉందని 2024 డిసెంబరులో ప్రచురించారు. ఆకర్షణీయమైన ఫలితమే, కాని దారులు వెతకడం మెదడును కాపాడిందా, లేక దారి జ్ఞాపకం బలంగా ఉన్నవారే ఆ వృత్తిలో నిలిచారా అన్నది ఆ సమాచారంతో తేలదు. జీపీఎస్ ఎక్కువ వాడినవారికి దారి జ్ఞాపకం తగ్గిందని 2020లో వచ్చిన పరిశోధనలో, మూడేళ్ల తర్వాత మళ్లీ పరీక్షించింది 13 మందినే. దాని మీద పెద్ద మాటలు కట్టలేం. అయినా తెలిసిన ఊళ్లో ఫోను చూడకుండా వెళ్లడం వల్ల నష్టం లేదు, నేను వెళ్తూనే ఉన్నాను.

సువర్ణముఖి (న్యూజెర్సీ)

అమ్మకు పరీక్ష చేయించకూడదని నిర్ణయించుకున్నాను. తమ్ముళ్లకు నా నివేదిక సంగతి చెబుతాను. అమ్మ విషయంలో ఇంట్లోవారు దేనిని గమనిస్తూ ఉండాలో, దేనికి భయపడనక్కరలేదో ఒక్కసారి చెబితే, దానిని పెద్ద తమ్ముడికి పంపుతాను.

మూసీతీరం (హైదరాబాద్)

గుర్తుపెట్టుకోవలసింది అమ్మగారిని ఇతరులతో కాక, ఆమెను ఆమెతోనే పోల్చాలి. ఏడాది క్రితం ఒంటరిగా గోవిందరాజస్వామి గుడికి వెళ్లి వచ్చేవారు, ఇప్పుడు అదే దారిలో తడబడుతున్నారంటే అది ముఖ్యమైన మార్పు. తెలియని ఊళ్లో, ఆసుపత్రి వరండాల్లో, కొత్త అపార్టుమెంటులో దిక్కు తోచకపోవడం అంత ముఖ్యం కాదు. వంటింట్లో వస్తువులు ఉండే చోట్లు, ఇంట్లో స్నానాల గది వైపు వెళ్లే దారి వంటివి పదేపదే తప్పుతున్నా, ఆ మార్పును ఆమె గుర్తించక ఇంట్లోవారే గుర్తిస్తున్నా, నరాల వైద్యులకు చూపించాలి.

వైద్యులు కూడా వెంటనే జన్యువు వైపు వెళ్లరు. మొదట బీ12, థైరాయిడ్, చక్కెర, ఉప్పు స్థాయులు, వాడుతున్న మందులు, నిద్ర, కుంగుబాటు, వినికిడి, చూపు చూస్తారు. మా క్లినిక్‌కు వచ్చే శాకాహారుల్లో బీ12 లోపం తరచుగా కనిపిస్తుంది, దానిని సరిదిద్దితే కొందరిలో తడబాటు తగ్గుతుంది. నిద్రమాత్రలు, అలర్జీకి సొంతంగా కొనుక్కునే కొన్ని మాత్రలు కూడా పెద్ద వయసులో మతి తడబాటు తెస్తాయి. అందుకని తమ్ముడు గారు వైద్యుల దగ్గరికి వెళ్లేటప్పుడు అమ్మగారు వాడే మందుల పట్టీలన్నీ, ఆకుమందులతో సహా, వెంట తీసుకువెళ్లాలి.